కిలోల లెక్క సరే, హత్యల లెక్క ఏది? హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోంశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మత్తుపదార్థాల మీద మీ శాఖ పెట్టే ప్రతి ప్రెస్ మీట్‌లోనూ రెండు అంకెలే వినిపిస్తాయి: ఎన్ని కిలోలు పట్టుకున్నారు, ఎంతమందిని అరెస్టు చేశారు. దాడి జరిగిన ప్రాంతంలో ఆ తర్వాత ఆరు నెలల్లో ఎన్ని కత్తిపోట్లు, ఎన్ని హత్యలు జరిగాయో ఎవరూ చెప్పరు. అడిగేవాళ్లూ తక్కువే. నేను అడుగుతున్నది ఆ మూడో అంకె.

మత్తు తలకెక్కితే మనిషి ఏమైనా చేస్తాడు, హత్యలన్నీ అందుకే అన్నది మనకు అలవాటైపోయిన మాట. అందులో నిజం కొంతే. 1985లో పాల్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా పరిశోధకుడు ఈ హింసను మూడు రకాలుగా విడదీశాడు: మత్తులో ఉండి చేసేది, మత్తు కొనే డబ్బు కోసం చేసేది, ఆ వ్యాపారం నడిచే తీరులోంచే పుట్టేది. తర్వాత ఆయన బృందం 1988లో న్యూయార్క్‌లో జరిగిన 414 హత్యలను పరిశీలిస్తే, సగానికి పైగా డ్రగ్స్‌తోనో మద్యంతోనో ముడిపడి ఉన్నాయి. వాటిలో దాదాపు ముప్పాతిక భాగం మూడో రకానివే. డబ్బు కోసం వ్యసనపరులు చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మైకంలో జరిగిన వాటిలో కూడా ఎక్కువ వాటికి కారణం మద్యం, అంటే లైసెన్సుతో అమ్మే సరుకు! అది క్రాక్ కొకైన్ వీధుల్ని ముంచెత్తిన కాలం కాబట్టి ఆ లెక్కను తెచ్చి ఎక్కడపడితే అక్కడ అతికించడం తప్పు. చూడాల్సిన చోటేదో మాత్రం అది చెబుతుంది.

మూడో రకం ఎలా పుడుతుందో మీ స్టేషన్లలో ఏ కానిస్టేబుల్‌ని అడిగినా చెబుతాడు. ఒక కుర్రాడు అప్పు మీద సరుకు తీసుకుంటాడు, అమ్మాక కడతానని. మధ్యలో పోలీసులు వెంటపడితే ఎక్కడో విసిరేసి పారిపోతాడు. ఇప్పుడు పైవాడికి ఏం చెప్పాలి? సరుకు నిజంగా పోయిందా, వీడే నొక్కేశాడా? రసీదు లేదు, ప్రామిసరీ నోటు లేదు, కోర్టుకెక్కే దారి అసలే లేదు. పైవాడు ఊరుకున్నాడంటే రేపు మిగతావాళ్లూ ఎగ్గొడతారు. అందుకని నలుగురికీ తెలిసేలా కొట్టిస్తాడు. ఒకవేళ కుర్రాడు దొరికిపోయి రెండు రోజుల్లో బెయిల్ మీద వచ్చాడా, ఇంకో టెన్షన్: ఇంత తొందరగా ఎలా వదిలారు, ఎవరి పేరు చెప్పి వచ్చాడు? ఈ కథలో ఎవరూ మత్తులో లేరు, గమనించండి.

అమెరికా 1920 నుంచి 1933 దాకా మద్యాన్ని నిషేధించినప్పుడు జరిగిందీ ఇదే. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అదే ఊళ్లో ఇప్పుడు బీరు కంపెనీలకు తగవు వస్తే లాయర్లు చూసుకుంటారు. అలాగని తాగుడు వల్ల ఇళ్లలో పడే దెబ్బలు ఆగిపోలేదు. అందుకే హెరాయిన్‌కు లైసెన్సులివ్వమని నేనేమీ అడగడం లేదు.

నా అభ్యంతరం పెద్ద తలకాయ దొరికితే పని అయిపోయినట్టు చేసుకునే సంబరం మీద. 2006 డిసెంబరులో మెక్సికో అధ్యక్షుడు ఫెలిపె కాల్దెరోన్ ముఠాల మీదికి సైన్యాన్ని దించాడు. నాయకులు ఒక్కొక్కరే దొరికారు, చచ్చారు. 2007లో ఆ దేశంలో జరిగిన హత్యలు తొమ్మిది వేల లోపు, 2011లో 27 వేల పైన. అన్నింటినీ ఆ ఒక్క నిర్ణయం ఖాతాలో వేయలేం. కానీ ఖాళీ అయిన కుర్చీ కోసం కిందివాళ్లు కొట్టుకు చావడం అక్కడ పదే పదే జరిగింది, ఇప్పటికీ జరుగుతోంది. 2024 జులైలో సినలోవా ముఠా పెద్ద ఇస్మాయెల్ సంబాడా అమెరికాలో పట్టుబడ్డాడు. సెప్టెంబరు వచ్చేసరికి కులియాకాన్ నగరంలో అతని వర్గమూ, అదే ముఠాకు మరో పెద్ద అయిన ఎల్ చాపో కొడుకుల వర్గమూ వీధుల్లో కాల్పులకు దిగాయి, బడులు మూతపడ్డాయి. ఆ అరెస్టు తప్పని ఎవరంటారు? దాని తర్వాత ఏం జరుగుతుందో ముందే ఊహించి, సిద్ధపడి ఉండాల్సింది అంటున్నాను.

"అయితే వదిలేయమంటావా?" అని మీ అధికారులు అనొచ్చు. అమెరికాలోనే నార్త్ కరొలైనాలో హై పాయింట్ అనే చిన్న నగరం ఉంది. 2004లో అక్కడి పోలీసులు ఒక పేటలో బాహాటంగా అమ్మేవాళ్ల మీద సాక్ష్యాలన్నీ పోగుచేశారు. హింసకు దిగే చరిత్ర ఉన్నవాళ్లను లోపలేశారు. మిగతావాళ్లను ఇంటివాళ్లతో సహా పిలిచి, తయారుగా ఉన్న కేసు ఫైళ్లు చూపించారు. ఇప్పుడే మానేస్తే పక్కన పెడతాం, పని వెతుక్కోవడానికి సాయం చేస్తాం, మళ్లీ అమ్మితే ఇదే ఫైలు కోర్టుకు వెళ్తుంది అని చెప్పారు. ఆ వీధి బజారు మూతపడింది. డ్రగ్స్ పూర్తిగా పోయాయా? పోలేదు. నాలుగు గోడల మధ్య అమ్మకం సాగుతూనే ఉండొచ్చు. అయినా పిల్లలు ఆడుకునే వీధిలో తుపాకీ పేలకపోవడం నా దృష్టిలో చిన్న విషయమేమీ కాదు.

కాబట్టి మీ దగ్గర కోరేది ఇది. ఏ ముఠా మీద ముందు చెయ్యి వేయాలో తేల్చేటప్పుడు ఎవరు ఎక్కువ అమ్ముతున్నారన్న దాని కన్నా ఎవరు ఎక్కువ రక్తం పారిస్తున్నారన్నది చూడండి. ఆ సంగతి అమ్మేవాళ్లందరికీ తెలిసేలా చెప్పండి కూడా, కత్తి తీసినవాడికే ముందు మూడుతుందని. నాయకుణ్ణి పట్టుకున్న రోజు నుంచే ఆ ప్రాంతంలో గస్తీ పెంచండి. బాకీ పడి బెదిరింపులు ఎదుర్కొంటున్న కుర్రాడు స్టేషన్ గడప తొక్కితే, కేసు రాసే ముందు వాడి ప్రాణం సంగతి చూడండి. వాడు చెప్పే పేర్లు బయటికి పొక్కితే మరో హత్యకు మనమే ముహూర్తం పెట్టినట్టు.

ఇక ఆ మూడో అంకె. ఏ దాడి ఎప్పుడు జరిగిందో మీ స్టేషన్ రికార్డుల్లో ఉంది. కత్తిపోట్లతో, తూటా గాయాలతో ఎవరు ఎప్పుడు వచ్చారో ఆసుపత్రుల ఎమర్జెన్సీ రిజిస్టర్లలో ఉంది. పేర్లు తీసేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆరు నెలలకోసారి జనం ముందు పెట్టండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకంతో ఒక మెమో చాలు.

ఇట్లు,
ఒక పౌరుడు