బండి కింద కాళ్ళు

చిట్టీ,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను ఎత్తి పందొమ్మిది రోజులైంది. పనిలో పడి ఉంటుందని అమ్మ అంటోంది, నేనూ అదే అనుకుంటున్నాను. నిన్ను ప్రత్యేకంగా అడగాల్సింది ఏమీ లేదు. గ్యారేజీ సర్దుకుంటున్నావని తెలిసి, నాకు తెలిసిన నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

మొన్న మీ బాబాయి వచ్చి నీ గ్యారేజీని ఎంత మెచ్చుకున్నాడో. గోడకు చెక్క పలక బిగించి, ప్రతి పానాకూ దాని ఆకారం గీసి, ఆ గీత మీదే తగిలించావట. ఏది తిరిగి రాలేదో గుమ్మంలోంచే తెలిసిపోతుందట. రంగు పెన్సిళ్ళను పొడవు ప్రకారం పేర్చుకున్న పిల్లవు, ఇంకెలా చేస్తావు! మాటల మధ్యలో ఇంకోటి చెప్పాడు. తను వెళ్ళేసరికి బండి కింద నుంచి నీ కాళ్ళు మాత్రమే కనిపించాయట. పిలిస్తే "ఒక్క నిమిషం బాబాయ్" అన్నావట. జాకీతో ఎత్తిన బండిని మోసే స్టాండ్లు వేసి ఉన్నాయా అని అడిగాను. ఎర్ర జాకీ ఒకటి చూశానన్నాడు. వాడికి జాకీకీ స్టాండుకీ తేడా తెలియదులే.

దీపాల సంగతి చెప్పాలి. నడినెత్తిన ఒక్కటే పెద్ద దీపం పెట్టకు. బానెట్ ఎత్తగానే దాని నీడ ఇంజిన్ మీదే పడుతుంది. రెండు పక్క గోడల వెంబడి పెట్టుకో. ఆయిల్ ఒలికితే రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చెయ్. జారే గచ్చు మంచిది కాదు. పైగా గచ్చు గట్టిగా, చదునుగా ఉంటేనే స్టాండ్ల కాళ్ళు సరిగ్గా ఆనుతాయి. స్టాండ్లు కొన్నావా అమ్మా?

మన పాత సోఫా తీసుకెళ్ళావని విని అమ్మ మురిసిపోయింది. స్నేహితులు వస్తారు, కూర్చుంటారు, పాటలు పెట్టుకుంటారు, ఉండాల్సిందే. కానీ సోఫాలో ఉన్నదంతా దూది, స్పాంజి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, గచ్చు మీద నీళ్ళలా పాకుతూ మూలకు చేరుతుంది. అందుకని నేల మీద పసుపు రంగుతో ఒక గీత గీయి. గీతకు ఇటు సోఫా, అటు బండి. సిగరెట్టు గ్యారేజీ బయటే. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన ఉండాలి, బండి వెనక మూలలో కాదు. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే మంట నీళ్ళమీద ఎక్కి పరుగెడుతుంది, ఈ మాట నీ స్నేహితులకీ చెప్పు. నూనె గుడ్డలకు మూత ఉన్న రేకు డబ్బా పెట్టుకో. షట్టర్ సగం ఎత్తి ఉంచాను కదా అని ఇంజిన్ లోపల ఆన్ చేసి వదలకు. ఆ పొగలో ఉండే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి అనుకుని కూర్చుంటే అక్కడే స్పృహ పోతుంది. పాటల చప్పుడు కూడా కాస్త తగ్గించుకో, బండి కదిలే ముందు చేసే చప్పుడు వినపడాలి.

ఆ చప్పుడు నేను విన్నాను గనుక చెబుతున్నాను. మీ పెదనాన్న ఈ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పి ఉండడు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంటి వెనక మట్టి నేల మీద బండి పెట్టి, ముందు చక్రం ఊడదీశాం. గేర్‌బాక్స్ కింద బోల్టు తుప్పు పట్టి రాలేదు. అన్నయ్య కింద పడుకుని పానాకు గొట్టం తొడిగి లాగుతున్నాడు. నేను ఊడిన చక్రాన్ని కడుగుదామని పంపు దగ్గరికి దొర్లించుకుపోతున్నాను. "తర్వాత కడుగుదువుగాని, ముందు దాన్ని ఇలా తెచ్చి బండి కింద పడుకోబెట్టు" అన్నాడు. బట్టలు మట్టవుతాయని విసుక్కుంటూనే తెచ్చి తోశాను. ముందు రాత్రి వాన పడింది. పైన ఆరినట్టే ఉన్నా అడుగున నేల మెత్తగా ఉంది. గొట్టం పట్టుకుని ఇంకోసారి లాగాడు. కిర్రుమని ఒక్క చప్పుడు, పాత తలుపు తెరిచినట్టు. జాకీ పక్కకు ఒరిగింది. నేను చూస్తుండగానే బండి దిగిపోయింది.

అంచు వచ్చి చక్రం మీద కూర్చుంది. ఆ టైరు మందం ఎంతో అన్నయ్యకు మిగిలిన చోటు అంతే. నేను బంపర్ పట్టుకుని లేపబోయాను, కదలలేదు. కింద నుంచి అన్నయ్య గొంతు, కూడబలుక్కుని, "లేపకు. పలక తీసుకురా. పలక మీద జాకీ" అంది. వంటింటి పీట పట్టుకొచ్చాను. చేతులు వణికి జాకీ పిడి రెండుసార్లు జారింది. బయటికి లాగాక చూస్తే చొక్కా మీద రెండో గుండీ సగానికి పగిలి ఉంది. బండి అడుగు రేకు గుండీ దాకా వచ్చి తగిలిందన్నమాట. ఇద్దరం ఆ మట్టిలోనే చాలాసేపు కూర్చున్నాం. అమ్మకు ఈ గుండీ సంగతి ఇప్పటికీ తెలియదు, నువ్వు చెప్పకు.

నీది గట్టి గచ్చు, నూనె ఒత్తిడితో లేచే మంచి జాకీ అని నాకు తెలుసు. అయినా అందులో ఒక రబ్బరు సీలు పోతే చాలు, బండి కిందికి వచ్చేస్తుంది. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. బోలు సిమెంటు ఇటుకలు అసలే వద్దు, పగిలేముందు అవి చెప్పవు. స్టాండ్లు కంపెనీ పుస్తకంలో చూపించిన చోటే పెట్టు. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క ముక్కలు పెట్టు. చాలా బండ్లకు హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, వెనక వైపు ఎత్తితే ఇక అది ఉన్నా లేనట్టే. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసుకో. కిందికి దూరే ముందు పక్క నుంచి గట్టిగా తోసి చూడు. ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెట్టు, ఇది మీ పెదనాన్న మాట.

రాయకూడదనుకుంటూనే ఇంత రాశాను. జుట్టు కట్టుకుంటున్నావా? తిరిగే ఫ్యాను బెల్టు దగ్గర వదులు జడ, చున్నీ ఉండకూడదు. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు. కింద పడుకునేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో, తుప్పు నేరుగా కంట్లోకే రాలుతుంది. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తియ్యగా ఉంటుంది, గిన్నెలో వదిలేస్తే పిల్లులు తాగి చచ్చిపోతాయి, మూత పెట్టు.

అమ్మ సోఫాకు గలేబులు కుట్టింది, ఉతకడానికి వీలుగా. ఆదివారం మీ బాబాయి మళ్ళీ అటే వస్తున్నాడు, అతనితో పంపుతున్నాం. దాంతోపాటు నా స్టాండ్లు రెండూ ఇచ్చాను. గుండీ పగిలిన మర్నాడు కొన్నవి అవి. తుడిచి, పళ్ళకు గ్రీజు రాసి, పిన్నులు విడిగా గుడ్డలో చుట్టాను. నీ బండి బరువుకు సరిపోతాయి, వాటి మీద రాసి ఉన్నది చూసే పంపుతున్నాను. అందాక కిందికి వెళ్ళకు. అందగానే ఫోను చెయ్యి.

నాన్న