తీసేసిన మాట గురించి రాఘవకు

విజయవాడ,
17 అక్టోబరు 2025.

చిరంజీవి రాఘవకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్నగారి చక్కెర అదుపులోనే ఉంది, ఆయనే అదుపులో లేరు. నువ్వూ స్వాతీ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలుసుకునే దారి లేదు, ఎందుకంటే దసరా నాడు కూడా నువ్వు ఫోను చెయ్యకుండా, నేను పంపిన అమ్మవారి అలంకారం ఫొటోకు ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నావు. ఐదు వారాలుగా నీ దగ్గరి నుంచి వస్తున్నవన్నీ బొటనవేళ్ళే. ఏకలవ్యుడు కూడా ఒక్కటే ఇచ్చాడు నాయనా.

బుజ్జి స్నేహితురాలు డాలస్ వస్తోందని తెలిసి, కందిపొడితో పాటు ఈ నాలుగు ముక్కలు కూడా పంపిస్తున్నాను. ప్రత్యేకించి చెప్పవలసిన సంగతేమీ లేదు. పేపరు చదువుతుంటే మీరుంటున్న దేశం సంగతులు కొన్ని మనసులో మెదిలాయి, అంతే. మొన్న 14వ తేదీన, కాల్పుల్లో చనిపోయిన ఆ ట్రంప్ పక్షపు యువనేత చార్లీ కిర్క్ పుట్టినరోజు నాడు, అధ్యక్షుడు ట్రంప్ అతనికి మరణానంతరం పతకం ఇచ్చారనీ, అదే రోజున విదేశాంగ శాఖ, అతని చావు గురించి తప్పుగా రాశారంటూ ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేసిందనీ చదివాను. అర్జెంటీనా, బ్రెజిల్, జర్మనీ, మెక్సికో, పరాగ్వే, దక్షిణాఫ్రికా. ఆ వరుసను రెండుసార్లు చదివాను. మన దేశం పేరు లేదు. లేనందుకు ఊపిరి పీల్చుకున్నాను, పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఆ ఆరుగురికీ అమ్మలు ఉండే ఉంటారు.

ఇక దాచడం ఎందుకు, పెద్దక్కయ్య కొడుకు న్యూజెర్సీ నుంచి వాళ్ళమ్మకు చెప్పాడట, వాళ్ళమ్మ నాకు చెప్పింది. ఆ మనిషి చనిపోయిన రాత్రి నువ్వు ఏదో రాసి పెట్టావనీ, తెల్లవారే లోపలే తీసేశావనీ. ఏం రాశావో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే అక్కయ్యకు నేను కంగారు పడుతున్నట్టు తెలిసిపోతుంది. కంగారు పడకుండా ఉండటానికే గదా గత నెలంతా రోజుకు రెండు పేపర్లు చదివాను.

నిన్ను తిట్టే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. సెప్టెంబరు 2న ఆ కిర్క్, భారతీయులకు ఇంక వీసాలు అక్కర్లేదు, అమెరికా నిండిపోయింది అని రాసిన మాటను ఎవరో తెలుగులోకి మార్చి మన అపార్టుమెంటు గ్రూపులో పెట్టారు. నేను అప్పుడు కూర తరుగుతున్నాను. నువ్వూ, స్వాతీ, పదకొండేళ్ళు కూడబెట్టుకున్న మీ సంసారమూ కళ్ళ ముందు కదిలి, "వీడి నోరు పడిపోను" అన్నాను. పైకే అన్నాను, మీ నాన్నగారు విన్నారు కూడా. ఎనిమిది రోజులు తిరిగేసరికి, 10వ తేదీన యూటాలోని ఒక విశ్వవిద్యాలయం ఆవరణలో, విద్యార్థులు అడిగే ప్రశ్నలకు జవాబు చెబుతూ చెబుతూ ఉండగానే అతనికి మెడలో తూటా తగిలింది. 31 ఏళ్ళ వాడు. భార్య, ఇద్దరు పసిపిల్లలు. మరునాడు పొద్దున్నే ఆ వార్త చూసి మీ నాన్నగారు నా వంక తిరిగారు. ఏమీ అనలేదు. నా తిట్టుకు అంత శక్తి లేదని నాకు తెలుసు, ఉంటే మన వాటర్ ట్యాంకు కాంట్రాక్టరు ఎప్పుడో పోయేవాడు. అయినా ఆ సాయంత్రం దీపం పెట్టి, ఎవరి కోసమో దేవుడికి కూడా చెప్పకుండా లేచి వచ్చేశాను. అందుకని నువ్వు ఏం రాసి ఉన్నా, అలాంటి మాట ఎప్పుడూ అనని దానిలాగా నీకు బుద్ధి చెప్పలేను.

కానీ నేనన్నది వంటింట్లో. నువ్వన్నది ఎక్కడ?

కోర్టులో నేను 30 ఏళ్ళు వాంగ్మూలాలు టైపు చేశాను. సాక్షి ఒక మాట చెప్పి మళ్ళీ మార్చుకుంటే, మొదటి మాటను రబ్బరుతో చెరిపెయ్యనిచ్చేవారు కాదు. దాని మీద ఒక గీత గీసి, పైన కొత్త మాట వేసి, పక్కన జడ్జి గారి పొట్టి సంతకం తీసుకోవాలి. కొట్టేసిన మాట కింద నుంచి కనిపిస్తూనే ఉండాలి. మీ ఫోన్లూ అంతేనని ఇప్పుడు తెలిసింది. నువ్వు తీసేశాననుకున్నది ఎవరో ఒకరు ఫొటో తీసి దాచే ఉంటారు. ఆ రోజుల్లో అక్కడ జరిగినదే అది గదా. టీచర్లు, నర్సులు, విలేఖరులు, ఒక్కొక్కరి మాటలూ వెదికి పట్టుకొని వాళ్ళ యజమానులకు పంపారు. ఉపాధ్యక్షుడు వాన్స్ అయితే ఆ చనిపోయిన మనిషి కార్యక్రమాన్ని తానే నడుపుతూ, సంబరపడిన వాళ్ళ పేర్లు బయటపెట్టండి, వాళ్ళ ఆఫీసులకు ఫోను చెయ్యండి అని చెప్పారు. చట్టసభలో మౌనం పాటించి, ప్రార్థన పైకి చెయ్యాలా వద్దా అని అరుచుకున్నారు. టీవీలో హాస్యం చెప్పే జిమ్మీ కిమ్మెల్ ఆ చావు విషయంలో అన్న మాటలకు అతని కార్యక్రమాన్ని సెప్టెంబరు 17న ఆపి 23న మళ్ళీ వేశారు. అతని వెనుక లక్షల మంది చూసేవాళ్ళు ఉన్నారు కనుక వారంలో తిరిగి వచ్చాడు. నీ వెనుక ఎవరున్నారు? నేనూ, మీ నాన్నగారూ, ఇంకా తీరని ఇంటి అప్పూ.

అక్కడ న్యాయం ఒక్క తూకంలో లేదని నువ్వు అంటావు, నాకు తెలుసు. జూన్ 14న మిన్నెసోటాలో మెలిస్సా హోర్ట్‌మన్ అనే శాసనసభ్యురాలినీ ఆమె భర్తనూ వాళ్ళ ఇంట్లోనే కాల్చి చంపితే, యూటా సెనేటరు మైక్ లీ ఆ చావు మీద వెటకారంగా రాసి, తరువాత తీసేశాడు. అతని పదవి అలాగే ఉంది. ఆయన తీసేస్తే పోయింది, నువ్వు తీసేస్తే పోదు. ఇది అన్యాయమే. కానీ నీ పక్షాన న్యాయం ఉండటం వేరు, నీ పాస్‌పోర్టులో ముద్ర ఉండటం వేరు. జనవరిలో బుజ్జి పెళ్ళికి వచ్చినప్పుడు హైదరాబాదులో వీసా స్టాంపింగుకు వెళ్ళాలి, ఇంటర్వ్యూ లేకుండా డబ్బాలో కాగితాలు వేసి వచ్చే సౌకర్యం సెప్టెంబరు నుంచి తీసేశారని విన్నాను. కిటికీ అవతల కూర్చున్న మనిషి ఏం అడుగుతాడో, ముందు ఏ ఫొటో పెట్టుకొని ఉంటాడో అని నాకు నిద్ర పట్టదు. సరే, ఇది భయం. భయం గురించి రాయకూడదనుకునే మొదలుపెట్టాను.

నేను రాయాలనుకున్నది 2017 గురించి. నీకు గుర్తుందా? సెప్టెంబరు 5న బెంగళూరులో పత్రికా సంపాదకురాలు గౌరీ లంకేశ్‌ను ఆమె ఇంటి గుమ్మంలో కాల్చేసిన మరునాడు నువ్వు మీ ఆఫీసు మేడ మీద నుంచి ఫోను చేశావు. ఆమె రాతలు నువ్వు పెద్దగా చదివినవాడివి కూడా కాదు. పక్క సీటులో కూర్చునే అబ్బాయి ఆ వార్త చూసి నవ్వి, మిగతావాళ్ళకు చూపించాడని నీకు ఏడుపు వచ్చింది. "చావు కూడా వీళ్ళకు జోకేనా అమ్మా" అన్నావు. కేంద్రమంత్రి రవిశంకర్ ప్రసాద్ కూడా ఆ సంతోషపు రాతలను ఖండించారని నేను పేపరులో చూసి చెబితే, కొంత ఊరట పడ్డావు. ఆ రోజు ఆ అబ్బాయితో మళ్ళీ కలిసి భోజనం చెయ్యనన్నావు, చెయ్యలేదు కూడా. ఇప్పుడు డాలస్‌లో నీ పక్క సీటులో ఎవరు కూర్చుంటున్నారో, ఆ రాత్రి నీ రాత చూసి ఎవరు మేడ మీదకు వెళ్ళారో అని నేను ఆలోచిస్తున్నాను. నువ్వు నవ్వావని నేను అనడం లేదు. నాకు తెలియదు గనుకనే రాస్తున్నాను.

నువ్వు చిన్నప్పుడు చిన్నమామయ్యను ఒక విషయంలో వెక్కిరించేవాడివి. టీవీలో ఎవరైనా నాయకుడు పోయాడన్న వార్త రాగానే వాడు లేచి శబ్దం తగ్గించేస్తాడని. ఎందుకో నీకు ఎవరూ చెప్పలేదు. 1988 డిసెంబరు 26, సోమవారం. మన ఊరి ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా గారిని నిరాహార దీక్ష శిబిరంలోనే తెల్లవారుజామున చంపేశారు. ఈ ఊళ్ళో ఆయనను దేవుడనే వాళ్ళూ ఉండేవారు, పేరు చెబితే ముఖం తిప్పుకునే వాళ్ళూ ఉండేవారు, మధ్యలో ఎవరూ ఉండేవారు కాదు. మీ మామయ్యకు అప్పుడు 19 ఏళ్ళు. వీధి మొగలో సైకిళ్ళ తాత గారి కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, గంటకు అర్ధ రూపాయి అద్దె సైకిలు కోసం ఎదురుచూస్తున్నాడు. వార్త చెప్పిన మనిషి ముఖం చూసి కూడా వీడు నవ్వి ఒక మాట అన్నాడు. ఏమన్నాడో 37 ఏళ్ళు కావస్తున్నా మా ఇంట్లో ఎవరూ తిరిగి పలకలేదు. టైర్లలో గాలి కొట్టించుకుంటున్న ఇద్దరు విన్నారు. తాత గారు మాత్రం చేతిలో పంపు వదిలేసి, వీణ్ణి రెక్క పట్టుకొని లేపి, "ఇంటికి పోరా, ఆ నవ్వు మింగి మరీ పో" అని తోశారు.

మధ్యాహ్నానికి ఊరు అంటుకుంది. నేను కోర్టు నుంచి కాలువ గట్టు వెంట చెప్పులు చేత్తో పట్టుకొని పరుగెత్తి వచ్చాను. అమ్మమ్మ మామయ్యను బియ్యం బస్తాల గదిలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం రబ్బరు కాలిన వాసన వచ్చింది. డాబా ఎక్కి చూస్తే మన వీధి మొగలోనే పొగ. తరువాత కర్ఫ్యూ, సడలించినప్పుడు కూరగాయల కోసం ఆడవాళ్ళం బిలబిలా వెళ్ళి రావడం, 40 మందికి పైగా పోయారన్న లెక్క, అదంతా నీకు తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, మొదటిసారి సడలించిన రోజునే మామయ్య వెళ్ళి, మాడిపోయిన సైకిలు చట్రాలను ఒక్కొక్కటే బయటకు మోసి గోడకు ఆనించాడు. పద్నాలుగు. అరచేతుల మసి వారం దాకా వదల్లేదు. తాత గారు ఆ తరువాత చెట్టు కింద పంక్చర్ల పెట్టె పెట్టుకున్నారు. మామయ్య మొదటి జీతం రాగానే కవరులో పెట్టి తీసుకెళ్తే ఆయన తిరిగి ఇచ్చేశారు. "ఆ రోజు ఎన్ని కొట్లు తగలబడ్డాయిరా. అన్నిటి ముందూ నువ్వు నవ్వలేదుగా" అన్నారట.

ఆయన అన్నది నిజమే. ఆ నవ్వు వల్లనే ఆ కొట్టు తగలబడిందని నేనూ చెప్పలేను, నవ్వని వాళ్ళవీ తగలబడ్డాయి. కానీ మీ మామయ్య ఈ నాటికీ ఆ వీధి మొగ తప్పించి చుట్టూ తిరిగి వస్తాడు. ఈ సెప్టెంబరులో నీ సంగతి చెవిన పడగానే నాకు ముందు గుర్తుకొచ్చింది వీసా కాదు, వాడి అరచేతులు.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. కిర్క్‌ను కాల్చినవాడు దొరక్కముందు, వాడు మన దేశంవాడు కాకపోతే చాలునని నేను మొక్కుకున్నాను. తరువాత యూటా గవర్నరు కాక్స్ కూడా, ఇది చేసినవాడు మా రాష్ట్రం వాడు కాకూడదు, వేరే దేశం వాడైనా బాగుండునని 33 గంటలు ప్రార్థించానని చెప్పాడు. ఆయన నా కొడుకు లాంటి వాళ్ళ వైపు తిప్పిన దాన్ని నేను ఇంకెవరి కొడుకు వైపో తిప్పాను. చివరికి నిందితుడు ఆ రాష్ట్రపు పిల్లవాడే, 22 ఏళ్ళు. వార్తల్లో వేసిన ఫొటో చూసి, ఇది మా అబ్బాయిలాగే ఉందే అని మొదట అనుకున్నది వాడి తల్లేనట. అది చదివాక నేను ఆ పేపరు మడిచి పక్కన పెట్టేశాను. చనిపోయిన అతని భార్య సంతాప సభలో అంత జనం ముందు నిలబడి ఆ అబ్బాయిని క్షమిస్తున్నానంది. తరువాత మాట్లాడిన అధ్యక్షుడు, నేను మాత్రం నా ప్రత్యర్థులను ద్వేషిస్తాను అన్నాడు. ఇద్దరి మాటకూ చప్పట్లు కొట్టారట.

నువ్వు ఆ కిర్క్‌ను ఇష్టపడమని నేను చెప్పను. అతను మన గురించి అన్న మాట తప్పే, పోయాడు గనుక ఒప్పు అయిపోదు. అది తప్పని రాసుకో, నీ పేరు పెట్టి రాసుకో. నిజంగా నువ్వు రాసినది అదే అయితే తీసెయ్యడం ఎందుకు? తీసేశావంటే, తెల్లవారాక నీకే ఏదో అనిపించి ఉండాలి. ఆ అనిపించినది భయమా, లేక 2017 నాటి మేడ గుర్తుకొచ్చిందా అన్నది నాకు కావాలి.

కంపెనీ కాగితాలూ, పాత వీసా కాగితాలూ ఒక ఫైలులో సర్ది పెట్టుకో. స్వాతికి ఈ విషయం తెలుసా, లేదా? తెలియకపోతే నా కంటే ముందు ఆమెకు చెప్పు, ఆమె వీసా నీ వీసాకు ముడిపడి ఉంది. రాత్రి పన్నెండు దాటాక ఫోను పట్టుకోకు, నిద్రలేని వాడి వేళ్ళకు బుద్ధి ఉండదు. కందిపొడిలో ఈసారి వెల్లుల్లి తక్కువ వేశాను, అక్కడ ఆఫీసుకు పట్టుకెళ్ళినా వాసన రాదు.

ఈ ఉత్తరం చదివాక చించెయ్యమని రాయమన్నారు మీ నాన్నగారు. చించవద్దు. ఆదివారం పొద్దున్న మీకు శనివారం రాత్రి అవుతుంది, తొమ్మిదిన్నరకు ఫోను చెయ్యి, ఆ వేళకు ఆయన నడకకు వెళ్తారు. ఆ రాత్రి ఏం రాశావో నాకు చదివి వినిపించు. ఇంగ్లీషులో అయినా సరే, నెమ్మదిగా చదివితే నాకు అర్థమవుతుంది.

ఇట్లు,
అమ్మ