పార్కులకు మన తేనెపూల మొక్కలు చాలు

సంపాదకులకు నమస్కారం.

మా మొగల్రాజపురంలో కాలనీవాళ్ళం కలిసి చూసుకునే చిన్న పార్కు ఉంది. అందులో ఒక మూలను సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు, తేనెపిట్టలకు వదిలేద్దామని అనుకున్నాం. చాలా మంచి ఆలోచన. కానీ నాటాల్సిన మొక్కల జాబితాలో కోనోకార్పస్, కాగితంపూలు, ముద్దమందారాలు ఉన్నాయి. అక్కడ రోజూ నీళ్ళు పోసేవాళ్ళలో ఒకదాన్నిగా నేను ఒప్పుకోలేదు.

ఆఫ్రికా నుంచి వచ్చిన కోనోకార్పస్‌ను కంచెలా ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ ఉంటే పూత ఎక్కడిది? ముద్దపూలలో కేసరాలే రేకులైపోతాయి, తేనెటీగకు లోపలికి దారి దొరకదు. ఒంటిరేక పువ్వే దానికి అన్నం.

మనకు కావాల్సినవి ఇంటి చుట్టుపక్కలే ఉన్నాయి. వావిలి, అడ్డసరం రెండూ కొమ్మ గుచ్చితే బతుకుతాయి. తెలిసినవాళ్ళ పెరట్లో ఒక కొమ్మ అడిగి తెచ్చుకుంటే సరి, కొననక్కర్లేదు. చవితి పత్రిలో మనం చూసే వావిలే అది. వానలు మొదలయ్యాక సన్నని ఊదారంగు పూలతో నిండిపోతుంది, వాటికోసం తేనెటీగలు మూగుతాయి. అడ్డసరం చలికాలంలో పూస్తుంది, మేకలు కూడా ముట్టవు. ఎర్ర నూరువరహాలు దాదాపు ఏడాదంతా పూస్తాయి. వాటి సన్నని గొట్టంలోంచి తేనె అందుకోవడానికి సీతాకోకచిలుక పొడుగాటి నాలుక సరిగ్గా సరిపోతుంది. తుమ్మిని కలుపని పీకేయకండి, కార్తీకం దాకా ఆ తెల్లపూలను వదలండి. ఎండాకాలం తేనె కరువు తీరాలంటే ఒక కానుగ చెట్టు ఉండాలి, ఎండలకు తట్టుకుని పూస్తుంది.

తులసి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొక్క గుబురుగా పెరగాలని ఇంట్లో వెన్నులు తుంచేస్తాం. పార్కులో మాత్రం అలాగే ఉంచండి, ఆ చిట్టి పూలకు తేనెటీగలు పొద్దున్నే వస్తాయి.

తేనె ఒక్కటే ఉంటే చాలదు, గొంగళిపురుగుకు ఆకు కూడా కావాలి. నిమ్మ, కరివేపాకు ఉంటే వాటి మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు వస్తాయి. జిల్లేడు కూడా అవసరమే, కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా నాటాలి. ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొడితే, మనం పిలిచిన అతిథిని మనమే చంపినట్టు. మా పార్కులో ఇదే జరిగింది. ఎవరో నున్నగా కనబడాలని మందు కొట్టించారు, నిమ్మ మొక్క కింద పురుగులన్నీ రాలిపోయాయి. చూసి చాలా బాధపడ్డాను.

కార్పొరేషన్ నర్సరీలలో వావిలి, అడ్డసరం, కానుగ, నూరువరహాల మొక్కలు పెంచి, అడిగిన కాలనీలకు వానాకాలం మొదట్లోనే ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక గృహిణి, మొగల్రాజపురం, విజయవాడ