కొట్టు తెరిచాక గిరాకీ మతం అడగకూడదు: న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ న్యాయశాఖ మంత్రి గారికి,

ఫంక్షన్ హాల్ వాళ్లు ఫోన్‌లో ఆ తేదీ ఖాళీగానే ఉందంటారు, అడ్వాన్సు ఎంతో కూడా చెబుతారు. తీరా వెళ్లి ఫారం మీద పేరు రాయగానే "అయ్యో, ఆ రోజు బుక్కయిపోయిందండీ" అంటారు. లాడ్జిల్లో ఆధార్ కార్డు చూశాక రూములు నిండిపోతాయి. మతం మాట ఎవరూ ఎత్తరు. ఈ ఫిర్యాదుతో పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "ఏ సెక్షన్ కింద కేసు కట్టమంటారు?" అని అడుగుతారు. వాళ్లను అని లాభం లేదు, అలాంటి సెక్షన్ నిజంగానే లేదు. దాన్ని తెచ్చే అధికారం మీ ప్రభుత్వానికి ఉంది కాబట్టే మీకు రాస్తున్నాం.

హక్కయితే 1950 నుంచీ ఉంది. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, వినోద స్థలాల్లోకి మతం, కులం, జాతి, లింగం, పుట్టిన ఊరు చూసి ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని రాజ్యాంగం 15(2) అధికరణం చెబుతోంది. అందులోని 'దుకాణం' అన్న మాటకు అర్థమేమిటని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అడిగితే, సేవ అందించే ఎవరైనా అందులోకి వస్తారని, అది లోపలికి రానివ్వడంతో ఆగదని, షరతులకు ఒప్పుకుంటే సేవ చేయాల్సిందేనని అంబేడ్కర్ వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ వివరణనే ఆధారం చేసుకుని ప్రైవేటు విద్యాసంస్థలను కూడా ఇందులో చేర్చింది.

చిక్కంతా అమలులో ఉంది. అంటరానితనం పాటిస్తూ దుకాణంలోకి రానివ్వకపోతే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ఉంది: నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల రూపాయల జరిమానా. బాధితులు షెడ్యూల్డ్ కులాల వారైతే ఆ పని అంటరానితనంతోనే చేశారని కోర్టు ముందే అనుకోవాలని 12వ సెక్షన్ చెబుతుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. మతం కారణంగా వెనక్కి పంపితే ఈ రెండూ లేవు. అన్నిటికన్నా అన్యాయంగా నష్టపోయేది దళిత క్రైస్తవులు. ఊళ్లో వివక్ష పాత కులం పేరుతోనే జరుగుతుంది, కాగితం మీద మాత్రం వాళ్లు ఎస్సీలు కారు. క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు కూడా ఇచ్చింది.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇస్తారు. 2019 చట్టం ప్రకారం డబ్బు చెల్లించినవారు, లేదా చెల్లిస్తామని ఒప్పుకుని కొన్నవారే వినియోగదారులు. గుమ్మంలోనే కాదన్నవారి దగ్గర కొనుగోలే జరగలేదు, రసీదూ ఉండదు. యాప్‌లో డబ్బు కట్టి చెక్-ఇన్ దగ్గర తిరస్కరణకు గురైతే మాత్రం కేసు నిలుస్తుంది. బుకింగ్ స్క్రీన్‌షాట్, పేమెంట్ మెసేజ్, రద్దు చేసిన సమయం దాచుకుని రెండేళ్లలోపు వేయాలి. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఒకే తరగతి వినియోగదారుల మధ్య తేడా చూపొద్దంటున్నాయి. కానీ కౌంటర్ దగ్గరికి నేరుగా వెళ్లినవారికి ఇవేవీ అక్కరకు రావు.

వ్యాపారికీ మతస్వేచ్ఛ ఉంది కదా అనే వాదన మీ దాకా తప్పకుండా వస్తుంది. ఆ స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణం 'ఈ భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి' అన్న షరతుతోనే మొదలవుతుంది. 15(2) ఉన్నదీ ఆ ప్రాథమిక హక్కుల భాగంలోనే. అమెరికాలో బార్బెక్యూ హోటళ్ల యజమాని ఒకాయన నల్లవారికి వడ్డించడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని వాదిస్తే, 1968లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని పసలేని వాదనగా తీసిపారేసింది. ఇప్పుడు మనవాళ్లు వాట్సాప్‌లో తిప్పే 2018 నాటి కొలరాడో కేకు తీర్పు, అంటే స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న బేకరీ యజమాని కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చింది, వేరు. మొదట కేసు విన్న కొలరాడో పౌరహక్కుల కమిషన్ బేకరీ యజమాని మతం పట్ల తటస్థంగా లేదన్నది అక్కడ కారణం. కస్టమర్లను కాదనే హక్కు వ్యాపారులందరికీ ఉందని ఆ తీర్పు ఎక్కడా అనలేదు.

మేం కోరే చట్టం ఏం అమ్మాలో యజమానికే వదిలేయాలి, ఎవరికి అమ్మాలో మాత్రం వదలకూడదు. శాకాహార హోటల్ మాంసం వండక్కర్లేదు, హలాల్ హోటల్ మద్యం పోయక్కర్లేదు. శుక్రవారమో ఆదివారమో షట్టరు దించుకోవచ్చు. ఫలానా రాత కేకు మీద ఎవరడిగినా రాయనంటే అదీ సరే. ఫంక్షన్ హాల్‌లో నాన్‌వెజ్ వద్దన్న షరతు అందరికీ ఒకటే అయితే తప్పులేదు. కానీ ఒకరి రిసెప్షన్‌కు చికెన్ బిర్యానీ వండనిచ్చి, ఇంకొకరి వలీమాకు (ముస్లింల పెళ్లి విందుకు) 'ఇక్కడ నాన్‌వెజ్ కుదరదు' అంటే అది సాకు. ఆ సాకు బయటపడేది హాల్ బుకింగ్ రిజిస్టర్‌లోనే. అందుకే హాళ్లు, లాడ్జిలు తిరస్కరించిన ప్రతిసారీ తేదీ, వేళ, కారణం రిజిస్టర్‌లో రాయాలని, ఏడాది పాటు దాన్ని ఉంచాలని నిబంధన పెట్టండి. తాగి రావడం, పాత బాకీ, గుర్తింపు కార్డు లేకపోవడం, నిజంగానే ఖాళీ లేకపోవడం సరైన కారణాలే.

రుజువు చేసే భారాన్ని కూడా మార్చాలి. ఒకే తేదీకి, ఒకే రకం గదికి అరగంట తేడాతో వేర్వేరు పేర్లతో ఇద్దరు అడిగినప్పుడు ఒకరికే ఇస్తే, ఆ తేడా ఎందుకో యజమానే చెప్పుకోవాలి. లింగనిర్ధారణ కేసుల్లో తమ మనిషినే రోగిలా పంపి పట్టుకునే డికాయ్ ఆపరేషన్లు అధికారులకు అలవాటే, ఇది వాటికన్నా తేలిక. యజమాని తానుండే ఇంట్లో ఐదు గదుల లోపు అద్దెకిస్తే మినహాయింపు ఇవ్వండి. అమెరికా 1964 పౌరహక్కుల చట్టంలో అలాంటిదే ఉంది. గుళ్లు, మసీదులు, చర్చిల లోపలి ఆచారాలు ఈ చట్టంలోకి రావు, తేవద్దు కూడా.

జైలు శిక్ష మేం అడగడం లేదు. క్రిమినల్ కేసంటే పోలీసులు రాజీకి కూర్చోబెడతారు, లేదంటే కోర్టులో ఏళ్లు గడుస్తాయి. అదనపు కలెక్టర్ స్థాయి అధికారి 60 రోజుల్లో విచారించి బాధితులకు పరిహారం ఇప్పించాలి. రెండోసారి దొరికితే ట్రేడ్ లైసెన్సు కొన్నాళ్లు నిలిపేయాలి. వ్యాపారిని కదిలించేది లైసెన్సే.

ఇది కేంద్రం చేయాల్సిన పని అని మీ శాఖ ఫైలు మూసేయవచ్చు. కానీ రాష్ట్రాలు చట్టం చేయగల విషయాలను రాజ్యాంగం చెప్పిన రాష్ట్ర జాబితాలో 26వ అంశం రాష్ట్రం లోపలి వ్యాపారం, 31వది సత్రాలు, వాటి నిర్వాహకులు, 64వది ఈ విషయాల మీద చేసిన చట్టాలను ఉల్లంఘించే నేరాలు. బిల్లుకు సమయం పడుతుంది, నిజమే. ఈలోగా లైసెన్సు రెన్యువల్ ఫారంలో 15(2)కు కట్టుబడతానన్న ఒక్క షరతు చేర్చేలా మున్సిపల్ శాఖతో మాట్లాడండి. అలా చేసినా లైసెన్సే తీసుకోని హాస్టళ్లు, ఇళ్లలో నడిచే బేకరీలు తప్పించుకుంటాయి. బిల్లు అవసరమన్నది వాటి కోసమే.

ఇట్లు,
వినియోగదారుల కేసులు, వివక్ష ఫిర్యాదులు చూసే కొందరు న్యాయవాదులు,
హైదరాబాద్