కారు అమ్మే ముందు ఆ శబ్దమేంటో చూడు

చి. చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. కాలవలకి నీళ్లొదిలారు. ఊడ్పులకి మనుషులు దొరకడం లేదని మీ పెదనాన్న రోజూ చావిట్లో కూర్చుని కేకలేస్తున్నాడు. కొబ్బరి దింపు అయిపోయింది, ఈసారి కాయ ధర పర్వాలేదు. అమ్మకి మోకాలి నొప్పి కాస్త నయం.

నీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చి చాలా రోజులైంది. పని ఒత్తిడి అయ్యుంటుందిలే అనుకుంటున్నాం. మొన్న చిన మావయ్య యానాం నుంచి వస్తూ ఇటొచ్చాడు. మాటల్లో మాటగా, నువ్వు మారుతి అమ్మేస్తున్నావని చెప్పాడు. ఇంజిన్లో టకటకమని శబ్దం వస్తోందని, అక్కడెవరో మెకానిక్కు ‘బోరుకొచ్చింది, సిలిండర్లు అరిగాయి, ఇంజిన్ దించాలి’ అన్నాడని, నువ్వు పాత సామాన్ల వాడితో బేరం మాట్లాడావని. అమ్మ నా వైపు చూసింది. నేను దింపు సంగతి ఎత్తాను.

కారు నీది, ఉంచుకున్నా అమ్మినా నీ ఇష్టం. అయితే శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో తెలియకుండా ఇంజిన్ దింపించకు, తుక్కు కింద ఇవ్వకు. అది 1996 బండి, కార్బొరేటర్ది. కంప్యూటరు పెట్టి చూసే పని లేదు. చెవి, ఒక పొడుగు స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక చాలు.

అన్నిటికంటే ముందు ఆయిలు చూడు. బండి సమానమైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలాగి డిప్ స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడాలి. మూడు లీటర్ల లోపు ఆయిలు పట్టే చిన్న ఇంజిన్ అది, అందులో లీటరు తగ్గినా పైన వాల్వుల్ని నొక్కే రాకర్లకి సరిగ్గా అందదు. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఇంజినూ టకటకలాడుతుంది. ఆయిలు పోశాక శబ్దం పోతే, ఆ ఆయిలు ఎటు పోయిందో చూసుకోవాలి: సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తోందా, కింద నేల మీద మరకలున్నాయా అని. ఇంకోటి, నడుస్తుండగా డాష్ బోర్డు మీద ఎర్ర ఆయిలు లైటు వెలిగితే అక్కడికక్కడ ఆపెయ్యి. ఇంటిదాకా వెళ్లిపోదాం అనుకోకు. ఎదుర్లంక వంతెన మధ్యలో ఉన్నా సరే, పక్కకి తీసి ఆపు.

ఆ తర్వాత శబ్దం ఎప్పుడు వస్తోందో చూడు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గిపోతోందా? అయితే రెండు అనుమానాలు. ఒకటి, పిస్టను అరిగి సిలిండరు గోడకి కొట్టుకోవడం. వేడికి పిస్టను వ్యాకోచించి సందు తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది. అది కొన్నేళ్లు అలాగే నడుస్తుంది, కంగారు పడక్కర్లేదు. రెండోది ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకు, అంటే ఇంజిన్ నుంచి పొగ బయటికెళ్లే గొట్టం అతుకు దగ్గర సందు. అదీ అంతే, వేడికి ఇనుము సాగి సందు మూసుకుపోతుంది. చాలామంది మెకానిక్కులు దీన్నే ట్యాపెట్ శబ్దం, అంటే రాకరుకీ వాల్వుకీ మధ్య సందు ఎక్కువై వచ్చే శబ్దం అనుకుంటారు. చల్ల ఇంజిన్ స్టార్ట్ చేసి, తడిగుడ్డతో వెనక సైలెన్సరు గొట్టం కాసేపు అదిమి పట్టుకోమను ఎవరినైనా. లీకుంటే ముందు వైపు చప్పుడు ఫట్ ఫట్ మని పెరుగుతుంది. గాస్కెట్ చుట్టూ నల్ల మసి కూడా కనిపిస్తుంది. ఈ పనులన్నీ ఆరుబయట చెయ్యి, షెడ్డు తలుపులు వేసుకుని ఇంజిన్ నడపకు. ఆ పొగకి వాసన తెలియకుండానే మనిషి పడిపోతాడు.

వేడెక్కినా తగ్గకుండా, పై నుంచి సన్నగా, కుట్టు మిషను ఆడినట్టు వస్తుంటే అది ట్యాపెట్. అలాంటి శబ్దానికి నలభై వేలు అడిగేవాడి దగ్గర బండి ఒక్క పూట కూడా ఉంచకు. మూడు సిలిండర్లకి ఆరు వాల్వులు, ఉదయం పూట ఒక్కసారి కూర్చుంటే అయిపోయే పని. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చెయ్యాలి. ప్లగ్గులు మూడూ తీసేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. పైన రాకర్ కవరు తీసి, ముందు పుల్లీ బోల్టుకి స్పానరు పెట్టి తిప్పు. ఒక సిలిండరు పిస్టను పైకొచ్చినప్పుడు దాని రెండు రాకర్లూ వదులుగా కదలాలి. ఏదో ఒకటి బిగుసుకుని ఉంటే ఇంకో చుట్టు తిప్పాలి. రెండూ వదులయ్యాక 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకు) రాకరుకీ వాల్వుకీ మధ్య సందులో పెట్టి లాగితే కొంచెం పట్టి వదలాలి. లేకపోతే రాకరు మీది లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి సందు సరిచెయ్యాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో పాటు తిరుగుతుంది, అందుకని బిగించాక మళ్లీ రేకు పెట్టి చూసుకోవాలి. అసలు చప్పుడే రాకూడదని బిగించేవాళ్లున్నారు. అది తప్పు. వేడికి వాల్వు సాగి పూర్తిగా మూసుకోదు, మంట సందులోంచి పోయి ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. కూసంత చప్పుడున్నా నష్టం లేదు. కవరు గాస్కెట్ కొత్తది వేయించు, పాతది మళ్లీ పెడితే ఆయిలు కారుతుంది.

నీకు డబ్బు అవసరమై అమ్ముతున్నావేమోనని కూడా అనిపించింది. అలాంటిదేమీ లేకపోతే సరే. చీటీ డబ్బు వచ్చింది, బ్యాంకులోనే ఉంది, దానితో ఇప్పుడు మాకు పనేం లేదు.

అసలు భయపడాల్సిన శబ్దం వేరే. కింద నుంచి, లోతుగా, టకటక కాకుండా ఠక్ ఠక్ మని వస్తుంది. న్యూట్రల్లో కొంచెం రైజ్ ఇచ్చి, అంటే యాక్సిలరేటరు తొక్కి, వదిలేటప్పుడు బాగా వినబడుతుంది, లోడు పడితే పెరుగుతుంది. అది పిస్టనుని కింద తిరిగే క్రాంకు ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు బిగ్ ఎండ్ బేరింగు. దాన్ని పట్టుకునే పద్ధతి ఒకటుంది. ఇంజిన్ వేడెక్కాక స్లోలో నడుస్తుండగా, రబ్బరు తొడుగున్న కటింగ్ ప్లేయరుతో ప్లగ్గు వైరు ఒక్కొక్కటే తీసి చూడాలి. తీసిన వైరు గాల్లో వదలకుండా ఇంజిన్ ఇనుముకి ఆనించాలి. ఏ సిలిండరు వైరు తీస్తే ఠక్ ఠక్ బాగా తగ్గిందో ఆ రాడ్డుదే లోపం, ఎందుకంటే మంట లేకపోతే దాని మీద దెబ్బ పడదు. ట్యాపెట్ శబ్దం మాత్రం ఏ వైరు తీసినా మారదు. నీ బండిది బిగ్ ఎండే అయితే మావయ్య విన్న మాట నిజమే, ఇక దాన్ని ఒక్క కిలోమీటరు కూడా నడపకు. రాడ్డు విరిగితే బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది, అప్పుడు ఇంజిన్ నిజంగానే తుక్కు.

అయినా ఆ పరీక్ష ఒక్కదాన్ని నమ్మి ఇంజిన్ విప్పించకు. నరసాపురం బాబాయి అంబాసిడర్ సంగతి నీకు గుర్తుందో లేదో. గోదావరి దాటించే పంటు దిగి సఖినేటిపల్లి రేవులో స్టార్ట్ చేసేసరికి ఠక్ ఠక్ మొదలైంది. ఊళ్లో మెకానిక్కు విని బిగ్ ఎండ్ అని తేల్చేశాడు. ఇంజిన్ దించారు. క్రాంకు గ్రైండింగుకి పంపారు, బేరింగులు కొత్తవి వేశారు, పిస్టను రింగులు కూడా ఎలాగూ విప్పాం కదా అని మార్చారు. కూతురి పెళ్లి దగ్గర పడుతోంది, చుట్టాల్ని తిప్పడానికి బండి లేదు. పిన్ని రోజూ సాధిస్తోంది. మొత్తానికి బిగించి స్టార్ట్ చేస్తే అదే ఠక్ ఠక్. బాబాయి అక్కడే రాయి మీద కూర్చుండిపోయాడట. చివరికి పాలకొల్లు నుంచి లేతు పని చేసే ముసలాయన ఒకాయన వచ్చాడు. స్క్రూడ్రైవరు కొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి పెట్టుకుని విన్నాడు. పైన విన్నాడు, పక్కన విన్నాడు, కింద ఆయిలు ట్రే మీద విన్నాడు. అన్నిటికంటే ముందు వైపే గట్టిగా ఉంది. ఫ్యాన్ బెల్టు తీసి స్టార్ట్ చేయిస్తే శబ్దం తీరు మారింది. ఇంజిన్ ఆపించి ముందు పుల్లీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. క్రాంకు కదలకుండా పుల్లీ ఒక్కటే కొద్దిగా కదిలింది. దాన్ని పట్టి ఉంచే ‘కీ’ అరిగిపోయింది. చిటికెన వేలి గోరంత ఇనుప ముక్క. ఇంజిన్ విప్పినవాళ్లు అరిగిన కీనే మళ్లీ పెట్టి బిగించారు. కొత్త కీ వేసి, గాడి సరిచేసి, బోల్టు గట్టిగా బిగిస్తే చప్పుడు పోయింది. క్రాంకుకీ బేరింగులకీ పోసిన డబ్బంతా వృథా.

అందుకని నువ్వూ బెల్టు తీసి చూడు. మన మారుతికి వాటర్ పంపూ ఆల్టర్నేటరూ ఆ బెల్టు మీదే తిరుగుతాయి కాబట్టి నిమిషం మించి నడపకూడదు. బెల్టు తీయగానే శబ్దం పోతే వాటిల్లో ఒకదాని బేరింగు. పోకుండా తీరు మారితే పుల్లీ చూడు. పుల్లీ చేత్తో పట్టేది ఇంజిన్ ఆపాకే, తాళం చెవి జేబులో పెట్టుకున్నాకే. స్క్రూడ్రైవరుతో వినేటప్పుడు చొక్కా చేతులు పైకి మడుచుకో, బెల్టు వైపు వంగకు. రేడియేటరు ఫ్యాను వేడికి దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

వంతెనలెక్కేటప్పుడు టాప్ గేరులో చిటచిటమని వస్తే అది ఇంజిన్ లోపల పాడైనట్టు కాదు, ఇగ్నిషన్ టైమింగు ముందుకు జరిగి ఉంటుంది, లేకపోతే మసి పట్టి ఉంటుంది. గేరు తగ్గించి ఎక్కు, టైమింగ్ లైటు పెట్టి సరిచేయించు. ఒక స్పీడులో మాత్రమే గరగరమంటే సైలెన్సరు పైన రేకు వదులైనట్టు. మన ఉప్పుగాలికి దాని బోల్టులు తుప్పు పట్టి ఊడిపోతుంటాయి.

ఇంజిన్ విప్పక తప్పదని తేలితే టైమింగ్ బెల్టు మార్పించు. పాత పార్టులన్నీ సంచిలో వేసి ఇమ్మని ముందే చెప్పు. బేరింగు అరిగిందంటే ఆ రేకు చూపించమను, రాగి రంగు బయటపడి ఉండాలి.

ఇవన్నీ చేసే తీరిక లేకపోతే శబ్దం ఫోనులో రికార్డు చేసి పంపు. చల్లగా స్టార్ట్ చేయగానే ఒకటి, పావుగంట నడిచాక స్లోలో ఒకటి, రైజ్ ఇచ్చి వదిలేటప్పుడు ఒకటి. ఫోను రాకర్ కవరు దగ్గర ఒకసారి, కింద ఆయిలు ట్రే దగ్గర ఒకసారి పెట్టు. పక్కన మాట్లాడకు. ఆ సామాన్లవాడికి నాలుగు రోజులాగమని చెప్పు, అడ్వాన్సు తీసుకుని ఉంటే ఎంతో చెప్పు, తిరిగిచ్చేద్దాం. రికార్డింగులో బిగ్ ఎండ్ అనిపిస్తే నేనే లారీ మాట్లాడి బండి ఇక్కడికి తెప్పిస్తాను, నువ్వు నడుపుకుని రావద్దు. లారీతో కొబ్బరి కాయలు రెండు బస్తాలు, అమ్మ పెట్టిన మాగాయ పంపిస్తాను, జాడీ ఖాళీ చేసి తిరిగి పంపించు.

ఇట్లు,
నాన్న