కింది బాల్ జాయింట్లు మళ్లీ విప్పుతున్నాను, అందరివీ

గత ఆరు నెలల్లో మా షెడ్డులో మోటార్‌హోమ్ (లోపలే ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి బండి) ముందు వైపు కింది బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని ఛాసిస్ కింది ఇనుప చెయ్యికి (ఆర్మ్) కలిపే బంతి కీళ్లు, మార్పించుకున్నవాళ్లందరికీ ఈ మాట. వాటిని తీసేసి వేరేవి వేస్తున్నాను. మీ బండి చక్కగా నడుస్తున్నా సరే తీసుకురండి. పనికి గానీ సామానుకి గానీ మీరేమీ ఇవ్వక్కర్లేదు.

ఎలా బయటపడిందంటే, మా పాత కస్టమర్ ఒకాయన, ఇరవై ఏళ్లు దాటిన బండి, జాయింట్లు వేయించుకున్న నాలుగు నెలలకి ఫోన్ చేసి గతుకుల్లో ఎడమ వైపు టక్కుమంటోంది అన్నారు. నేను ఫోన్‌లోనే తేల్చేశాను: టైర్లు గట్టిపడ్డాయి, టైరు పక్కన కోడ్ చివర నాలుగంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, మీవి ఏడేళ్లు దాటాయి కదా, అందుకే అని. టైర్ల వయసు సంగతి నిజమే, ఎక్కువ రోజులు నిలబడి ఉండే బండికి గాడులు అరగకముందే రబ్బరు పగుళ్లిస్తుంది. కానీ ఆ శబ్దం టైరుది కాదు. ఆయన ఒప్పుకోక బండి తెచ్చారు, మా కుర్రాడు ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, చక్రం పట్టుకుని ఊపి, ప్లే (జాయింట్‌లో వదులు) ఏమీ లేదన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఫోన్ మాట్లాడుతూ. ఆ బండికి కాయిల్ స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఛాసిస్ ఎత్తితే స్ప్రింగ్ ఆర్మ్‌ని కిందికి తోసి జాయింట్‌ని బిగదీసి పట్టుకుంటుంది, ప్లే ఉన్నా కనబడదు. జాకీ ఆర్మ్ కిందే పెట్టాలి, బరువు జాయింట్ మీద నుంచి తీసేసి, టైరు కింద గడ్డపార పెట్టి లేపి చూడాలి. ఈ పాఠం మా పిల్లలకి చెప్పింది నేనే, ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

ఆయన వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లారు. పది నిమిషాల్లో పట్టేశాడట. ముప్పై ఏళ్లుగా ముందు ఇరుసుల కిందే పడుకుని పనిచేస్తున్నవాడికి ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా. అక్కడ అయిన ఖర్చు నేనిస్తానన్నాను, ఆయన ఇంకా జవాబివ్వలేదు.

మా తప్పు చెప్పాను కాబట్టి ఇప్పుడు సరుకు సంగతి. పదకొండేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర కొంటున్నాను. డబ్బా అదే, పార్ట్ నంబరు అదే, లోపల మాత్రం వస్తువు మారింది, నాకు ఒక్క మాట చెప్పలేదు. జాయింట్‌ని కప్పే రబ్బరు బూటు పల్చగా ఉంది, మడత దగ్గర చిట్లి నీళ్లు లోపలికి పోయి బంతి తుప్పుపట్టింది. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా, మీరు జాయింట్ ప్రెస్ చేసి ఎక్కించేటప్పుడు బూటు చింపి ఉంటారు అన్నాడు! సరేనని అరలో ఉన్న, ఇంకా డబ్బా కూడా విప్పని రెండింటిని తీసి కోసి చూశాను. గ్రీజు వేలికి అంటుకునేంత కూడా లేదు. ఫొటోలు పంపితే, మార్చి ఇస్తాం అని మళ్లీ అదే లాట్‌లోవి పంపాడు. ఆ పెట్టె ఇంకా మా గుమ్మం పక్కనే ఉంది, తిప్పి పంపడానికి కూడా మనసు రావట్లేదు, పోతూ వస్తూ చూసుకుంటున్నాను.

ఇక ఏది వెయ్యాలన్నదే నన్ను మూడు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇదివరకు గ్రీజు నిపిల్ (బయటి నుంచి గ్రీజు ఎక్కించే చిన్న మొన) ఉన్నవే వేసేవాణ్ని. మాటిమాటికీ గ్రీజు కొట్టించుకోవడం ఎవరివల్ల అవుతుందండీ అని మీలో చాలామంది విసుక్కుంటే సీల్డ్ (గ్రీజు లోపలే పెట్టి మూసేసి వచ్చే) వాటికి మారింది నేనే. సీల్డ్‌వి చెడ్డవని అనను, మంచి రకానివి ఏళ్లు నడుస్తాయి. కానీ లోపల ఏం జరుగుతోందో చెయ్యి పెట్టి చూసే దారి లేదు. జాయింట్ ఊడితే చక్రం అడ్డంగా పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉండీ లేనట్టే. అందుకని మళ్లీ నిపిల్ ఉన్నవే వేస్తున్నాను. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టించుకోవాలి, విసుక్కున్నా సరే. ప్లే వచ్చినవి మాత్రమే మారిస్తే చాలదా అని మా వాళ్లే అడిగారు. చాలదు. ఈ రోజు ప్లే లేని జాయింట్‌కి వచ్చే నెల ఉండదని నేను రాసివ్వలేను. కొత్త పనులు అందుకే ఆరు వారాలు ఆపేశాను.

ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి చక్రం తిరిగే హబ్ బేరింగులు కూడా చూస్తాం. మీరు ఇంట్లో ఏదైనా గ్రీజు పూసి ఉంటే ముందే చెప్పండి, ఏ రకంతో ఏది కలిసినా ఫరవాలేదనుకోకండి, లిథియం దానితో పాలీయూరియా దాన్ని కలిపితే చాలాసార్లు పల్చబడి కారిపోతుంది. బ్రేక్ హోసులు లోపల ఉబ్బి మూసుకుపోయినా పైకి బాగానే కనిపిస్తాయి, తిరిగొచ్చాక ఒక వైపు చక్రం రెండో వైపు కన్నా బాగా వేడిగా ఉంటే అదొక కారణం కావచ్చు. చక్రాలు బిగించి పంపాక 80-100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) చూపించుకోండి. దూరంలో ఉన్నవాళ్లు ఎక్కడ చూపించుకున్నా నాకు కోపం లేదు, నట్లు బిగించే గన్‌తో మాత్రం కొట్టనివ్వకండి.

జాయింట్లు మార్చాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పదు. దీని మీద నాతో వాదించిన వాళ్లున్నారు, ఇప్పటికీ నా మాట అదే: ఖాళీ బండికి నేను అలైన్‌మెంట్ చెయ్యను. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు, దానికి సామాను, గ్యాసు, మనుషులు కలిస్తే ముందు భాగం కిందికి దిగి చక్రాల కోణాలన్నీ మారిపోతాయి. ఖాళీగా సరిచేసింది ప్రయాణంలో తప్పే అవుతుంది, టైర్లు లోపలి అంచునో బయటి అంచునో తినేస్తాయి.

వచ్చే నెల ప్రయాణాలున్నవాళ్లని ముందు పిలుస్తున్నాను, తేదీ చెప్పి ఫోన్ చెయ్యండి. నీళ్ల ట్యాంకు నింపుకుని, ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అలాగే సర్దుకుని రండి.