పక్క టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడకు

అమ్మా, మీ పేరైనా అడగలేదు. నార్త్ మెల్‌బోర్న్ పాత రికార్డుల ఆర్కైవ్స్ రీడింగ్ రూమ్‌లో మా అత్తగారి ముత్తవ్వ కోసం వెతుకుతుంటే, మీ పని ఆపుకుని వచ్చారు. బాలరట్ ఊరి పాత పేపర్లలో ఆ ముత్తవ్వ ఎప్పుడూ ఫలానాయన భార్యే. 'మిసెస్' తర్వాత భర్త పేరే. పుట్టింటి పేరు తెలియక మూడు నెలలు తిరిగాను.

డెత్ సర్టిఫికెట్ తెప్పించమన్నారు మీరు. విక్టోరియా రాష్ట్రంలో 1853లో జనన మరణాల రిజిస్ట్రేషన్ మొదలైందని, డెత్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, పెళ్లి ఎక్కడ ఏ వయసులో అయింది, కాలనీలో, అంటే అప్పటి బ్రిటిష్ వలస రాజ్యంలో, ఎన్నేళ్లు ఉన్నారు, పిల్లల పేర్లు, వయసులు కూడా రాసేవారని ఎంత ఓపిగ్గా చెప్పారో!

సర్టిఫికెట్ వచ్చింది. తొమ్మిది మంది పిల్లలు, ముగ్గురి పేర్ల పక్కన 'చనిపోయారు' అని ఉంది. ఆమె పుట్టింటి పేరును అత్తగారు పైకి చదివి ఏడ్చేశారు. మా ఇద్దరి తరఫునా మీకు దండాలమ్మా.